ఆ రెండో ఫొటో సాక్ష్యం కాదా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏటా ఏప్రిల్ రాగానే జిల్లా పేజీలో 'వడదెబ్బకు ఇద్దరు మృతి' అని చిన్న వార్త వస్తుంది. తర్వాత అధికారుల లెక్క చూస్తే చాలాసార్లు ఆ ఇద్దరూ అందులో ఉండరు. ఎందుకుండరో పోయిన వేసవిలో మా వాడకట్టులోనే చూశాను, అందుకే రాస్తున్నా.

మా పక్కింటావిడకు యాభై దాటాయి, బీపీ మాత్రలు వాడేది. కరువు పనికి (ఉపాధి హామీని మా దగ్గర ఇప్పటికీ అలాగే అంటారు) పొద్దున ఆరున్నరకే వెళ్లేది. ఇచ్చిన కొలత తొమ్మిదింటికే తవ్వేసినా ఇంటికి రావడానికి లేదు, యాప్‌లో రెండుసార్లు ఫొటో దిగాలి, మొదటిదానికి నాలుగు గంటల తర్వాతే రెండోది, అది లేకపోతే హాజరు పడదు. చెరువులో నీడంటూ లేదు, టెంటు వేస్తామని కర్రలు తెచ్చి పడేశారు, పైన కప్పే టార్పాలిన్ పట్టా మాత్రం సీజనంతా రాలేదు. ఆ రోజు రెండో ఫొటో దిగి, రెండు కిలోమీటర్లు నడిచి ఇల్లు చేరేసరికి పన్నెండయింది. తల పగిలిపోతోందని రేకుల కింద పడుకుంది. నేను వెళ్లేసరికి చెమట చుక్క లేదు, ఒళ్లు పెనంలా కాలుతోంది, కన్నకూతుర్ని పట్టుకుని 'ఎవరమ్మా నువ్వు' అంటోంది. ఒకరు గాలి సోకిందన్నారు, ఇంకొకరు తెలివితప్పుతున్న మనిషి నోట్లో మజ్జిగ పోయబోయారు. తడి చీర చుట్టి ఆటోలో ఎక్కించాం, దారిలోనే పోయింది. ఆసుపత్రిలో నాడి చూశారు గానీ ఒంటి వేడి చూసినవాళ్లు లేరు. చీటీ మీద 'గుండె ఆగి' అని రాసిచ్చారు. గుండె ఆగకుండా ఎవరు పోతారండీ!

ఆ ఎండకు శవాన్ని ఉంచలేక సాయంత్రమే దహనం చేసేశారు. అక్కడే వచ్చింది చిక్కంతా.

2025 ఏప్రిల్‌లో మన తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, 50 వేలున్న సాయాన్ని 4 లక్షలు చేసింది. మంచి పనే, కాదనను. కానీ అది రావాలంటే వడదెబ్బ వల్లే పోయిందని తహసీల్దారు, ఎస్సై, డాక్టరు కలిసి తేల్చాలి. కూతురు వెళ్తే 'పోస్టుమార్టం రిపోర్టు ఏదమ్మా' అన్నారు. నిజానికి పోస్టుమార్టం చేసినా ఇది వడదెబ్బే అని తేల్చే ప్రత్యేకమైన గుర్తు ఒంట్లో దొరకదట, ఎక్కడ పనిచేసింది, ఎంతసేపు ఎండలో ఉంది, ఒంటి వేడి ఎంత అని చూసే చెప్పాలని మా ఊరి డాక్టరు గారే అన్నారు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో 1,900 మందికి పైగా పోయారని సర్కారు లెక్క. లెక్కకెక్కనివాళ్లు ఇంకెందరో.

నేనడిగేది పెద్దదేమీ కాదు. ఎండాకాలంలో తెలివితప్పి వచ్చిన ప్రతి మనిషికీ ముందు థర్మామీటరు పెట్టి, చూసింది కాగితం మీద రాయండి. కబురందిన రోజే కమిటీ వాళ్లెవరైనా ఇంటికి రండి. రెండో ఫొటో గంటను ఎండాకాలంలోనైనా ముందుకు జరపండి. ఇంకోటి, ఆ యాప్ ఫొటోలో తేదీ, టైము, చోటు అన్నీ పడతాయి. పదిన్నర దాటాక ఆవిడ ఆ చెరువులో ఎండలో నిలబడి ఉందని చెప్పే కాగితం మీ దగ్గరే ఉంది. కూలి కోసం నమ్మిన ఆ ఫొటోను చావు విషయంలో ఎందుకు నమ్మరు?

– ఒక పాఠకుడు, సూర్యాపేట జిల్లా