తారు వేశారు, మార్జిను వదిలేశారు

సంపాదకులకు నమస్కారం.

మాది పి.గన్నవరం దగ్గర పల్లెటూరు. కాలువ గట్టు మీద ఇరవై రెండేళ్లుగా సైకిల్ షాపు నడుపుతున్నాను.

ఈ వేసవిలో కాలువకి నీళ్లు కట్టేశాక అడుగు బురదలో ఒక సైకిలు బయటపడింది. చైను తుప్పు పట్టి ముద్దయిపోయింది. సీటు లేదు. వెనక కేరియర్ చూడగానే గుర్తుపట్టాను. ఎడమ పక్క నట్టు దొరక్కపోతే నేనే బైండింగ్ వైరు చుట్టి ఇచ్చాను, ఆ వైరు అలాగే ఉంది. తొమ్మిదో తరగతి పిల్లది ఆ సైకిలు. కార్తీకమాసంలో, ట్యూషన్ నుంచి వస్తుంటే, వెనకాల రొయ్యల వ్యాను హారన్ కొడుతూ మీదికి వచ్చింది. పిల్ల భయపడి రోడ్డు దిగింది, దిగింది దిగినట్టే కాలువలో పడింది. గేదెల్ని కడుగుతున్న ఒకాయన దూకి జుట్టు పట్టుకుని లాగబట్టి బతికింది.

అందరూ డ్రైవర్ని తిట్టారు. నేను మర్నాడు వెళ్లి రోడ్డు అంచు కొలిచాను. తారు నుంచి మట్టికి జానెడు లోతు ఉంది. రోడ్డు వేసిన ప్రతిసారీ తారు మీద తారే వేశారు తప్ప పక్కన మార్జిను ఎత్తు చేయలేదు. ఉన్న మట్టి వానలకి జారి కాలువలో కలిసింది. అక్కడ దిగిన సైకిలు మళ్లీ ఎక్కబోతే ముందు చక్రం అంచుకి రాసుకుంటుంది, మనిషి రోడ్డు వైపే పడతాడు. అంటే వెనక వచ్చే బండి ముందు పడతాడు. ఒక పక్కకి నొక్కుకుపోయిన రిమ్ములు బెండు తీయమని ఎన్ని వస్తాయో నాకు తెలుసు. దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, ఇక సైకిలు ఎటు పోవాలి?

ఆ తర్వాత మేం ఆరుగురం ఆదివారాలు పని మొదలుపెట్టాం. ఇద్దరు ఆటోవాళ్లు, ఒక కొబ్బరికాయల దింపు కార్మికుడు, టీ కొట్టాయన, డిగ్రీ కుర్రాడు, నేను. పాత ఇళ్లు పడగొట్టిన చోట ఇటుక ముక్కలు అడిగి తెచ్చి, మలుపు దగ్గర నలభై గజాల మేర అంచు నింపాం. గట్టు మీద కొబ్బరిచెట్లకు, హెడ్‌లైటు వెలుగు తగిలే ఎత్తులో సున్నం పట్టీలు వేశాం. షాపుకి వచ్చిన ప్రతి పిల్ల సైకిలుకీ వెనక మడ్‌గార్డు మీద ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అంటిస్తున్నాను. డబ్బులు తీసుకోను.

స్కూలు మలుపులో ఇసుక నింపిన డ్రమ్ములు రెండు పెడితే, పర్మిషన్ లేదని అధికారులు తీసుకెళ్లిపోయారు. రాత్రిపూట బైకువాళ్లు గుద్దుకుంటారని చెప్పారు, ఆ మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఆ చోట వాళ్లు పెట్టింది ఏమీ లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, నడిచేవాళ్లకీ సైకిళ్లలాంటి ఇంజను లేని బళ్లకీ సంబంధించి రోడ్ల మీద రూల్స్ చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చారని మా ఊరి వకీలుగారు చెప్పారు. ఆ రూల్స్‌లో గట్టు రోడ్ల సంగతి కూడా చూడమని అడుగుతున్నాను.

నెదర్లాండ్స్ కూడా మనలాగే కాలువల దేశమట. 1971లో అక్కడ రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చనిపోతే అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలే. తల్లిదండ్రులు రోడ్లెక్కి, పిల్లల్ని చంపడం ఆపండని ఉద్యమం చేశారు. ఇప్పుడు అక్కడ సైకిళ్లకి విడిగా దారులున్నాయి. మేం అంత అడగడం లేదు. తారు వేసే ప్రతి పనిలో మార్జిను మట్టిని కూడా చేర్చండి, అది పోసి గట్టిపడ్డాకే బిల్లు ఇవ్వండి.

జూన్‌లో స్కూళ్లు తెరుస్తారు, కాలువకి నీళ్లు వదులుతారు. ఈలోపు నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్ తోలించినా చాలు. దిమ్మిస కొట్టడానికి మేం ఆరుగురం వస్తాం.

ఇట్లు,
ఒక సైకిల్ మెకానిక్,
పి.గన్నవరం మండలం, కోనసీమ జిల్లా