వానపాములు తినే పాముకు కోట్ల ధరా?

సంపాదకులకు,

పోయిన వారం మీ పత్రిక మొదటి పేజీలో 'మున్నార్ టీ తోటలో రెండు తలల విషసర్పం, ధర కోట్లలో' అని ఫొటోతో సహా వేశారు. సవరణ వస్తుందేమోనని ఇన్నాళ్లు ఆగాను. రాలేదు. ఈలోగా అది మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకు కూడా ఎక్కింది. కొనేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఒకాయన అడిగాడు కూడా!

ఫొటోలో ఉన్నది షీల్డ్‌టెయిల్ పాము. యూరోపెల్టిడే కుటుంబానిది. ఈ కుటుంబం మన ద్వీపకల్పంలోనూ శ్రీలంకలోనూ తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. తడి అడవుల్లో, మెత్తటి మట్టి కింద బతుకుతుంది. విషం లేదు. తినేది వానపాముల్ని. తల సన్నగా మొనదేలి ఉంటుంది, తోక మొద్దుగా, గరుగ్గా ఉండి దాని మీద మట్టి అట్టకడుతుంది. బొరియలోకి దూరాక ఆ తోకే మూత. మీ విలేకరికి రెండో తలగా కనిపించింది ఈ మట్టి తోకే. అప్పట్లో విద్యార్థుల్ని అటువైపు టూరుకు తీసుకెళ్లినప్పుడు ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాను. కరవడం మాట అటుంచి, దూరడానికి దారి దొరుకుతుందేమోనని నా వేళ్ల సందుల్లో ముక్కుతో పొడుస్తూనే ఉంది పాపం.

మనవాళ్లు రెండు తలల పాము అనేది మెట్ట నేలల్లో తిరిగే వేరే పాముని. దాన్ని అమ్మజూపి జనాన్ని ముంచే ముఠాల అరెస్టులు మీరే లోపలి పేజీల్లో వేస్తారు, మొదటి పేజీలో మీరే ధర చెబుతారు. డెస్కులో ఒకరి పేజీ ఇంకొకరు చదవరా?

ఎక్కడో కేరళ గొడవ మనకెందుకు అంటారేమో. ఈ కుటుంబంలోని యూరోపెల్టిస్ ఎలియోటి మన తూర్పు కనుమల్లోనూ ఉంది. 1845లో అమరావతి స్తూపాన్ని తవ్వించిన వాల్టర్ ఎలియట్ పేరే దానికి పెట్టారు. ఆ శిల్పాలు లండన్ చేరాయి. పామైనా ఇక్కడ మిగిలింది, మీలాంటి వార్తలు చదివి ఎవరూ కర్ర తీయకుండా ఉంటే.

అధికారుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ కొండలు పట్టుకు తిరిగి వీటిలో ఎన్నో జాతుల్ని లోకానికి చెప్పాడు. ఇప్పటివారికి పులి ఒక్కటే జంతువు. వానలకు ఇవి నేల మీదికొచ్చి ఘాట్ రోడ్లలో టైర్ల కింద నలిగిపోతుంటే, రోడ్డు ఇంకా వెడల్పు చేద్దామంటారు.

సవరణ వేయండి. తప్పు మొదటి పేజీలో జరిగింది కనుక అది కూడా మొదటి పేజీలోనే రావాలి, టెండర్ ప్రకటనల పక్కన అగ్గిపెట్టెంత డబ్బాలో కాదు.

– రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
విజయనగరం