చిన్నపిల్లలకు సరిపడే అడవి బాటలు కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. అడవి చూడటానికి అయిదారేళ్ల పిల్లలు కూడా వస్తారన్న సంగతి అక్కడ కాలిబాటలు వేసేవాళ్లకు గుర్తుండటం లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఈమధ్య మా అయిదేళ్ల మనవరాలిని, దాని అన్నని తీసుకుని ఒక అభయారణ్యంలో నడవడానికి వెళ్లాను. గేటు దగ్గర బోర్డు మీద ఆరు కిలోమీటర్లు అని ఉంది, కింద చేయకూడని పనుల జాబితా ఉంది. మధ్యలో వెనక్కి తిరిగే దారి ఉందా, కూర్చునే చోటుందా, బాత్రూమ్ ఎక్కడ అన్నది ఎక్కడా రాయలేదు. మాతో వచ్చిన గైడ్ మంచివాడే. కానీ రెండు గంటల్లో అందర్నీ మళ్లీ గేటు దగ్గరికి చేర్చాలి కాబట్టి "త్వరగా రండమ్మా" అంటూనే ఉన్నాడు.

అర కిలోమీటరు దాటామో లేదో, మనవరాలికి ఎండుటాకుల మీద రోకలిబండ పురుగు కనబడింది. అక్కడే గొంతుక్కూర్చుంది. ఆకు కొసతో మెల్లగా తాకితే అది గుండ్రంగా చుట్ట చుట్టుకుపోయింది. "అమ్మమ్మా, నిద్రపోయిందా?" అని గుసగుసగా అడిగింది. కాసేపు ఉంటే లేస్తుందన్నాను. నిజంగానే చుట్ట కొంచెం కొంచెంగా విప్పుకుని కదిలింది. కాళ్లు అల వచ్చినట్టు వరసగా లేచి పడుతున్నాయి. దాదాపు ప్రతి కణుపుకీ రెండేసి జతల కాళ్లుంటాయని చెబితే, దాని అన్న లెక్కపెట్టడం మొదలుపెట్టి, తప్పిపోయి, మళ్లీ మొదలుపెట్టాడు. ఈలోగా మావాళ్లంతా మలుపు తిరిగి కనబడకుండా పోయారు. ఇద్దర్నీ చేయి పట్టుకుని లాక్కుపోక తప్పలేదు. ఆ తర్వాత పిల్ల ఏమీ చూడలేదు. మూడో కిలోమీటరు దగ్గర ఏడుపు అందుకుంటే ఎత్తుకుని నడిచాను.

ఆ వయసు పిల్లల కళ్లు నేలకు దగ్గరగా ఉంటాయి. పుట్టగొడుగు, చీమల బారు, చెట్టు బెరడు మీద నాచు ముందు వాళ్లకే కనబడతాయి. కనబడిన ప్రతిచోటా ఆగుతారు. వాళ్లు అడవికి వచ్చేదే అలా ఆగడానికి. గంటలో ఒక కిలోమీటరు నడిస్తే చాలా ఎక్కువ.

మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం మూడు గంటలు ఒళ్లు కదిలేలా గడపాలని, గంటకు మించి స్క్రీన్ ముందు కూర్చోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. చైనాలోని గ్వాంగ్జౌలో ఒకటో తరగతి పిల్లల్ని బడిలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట ఉంచి చూశారు. మూడేళ్లలో వాళ్లలో దాదాపు 30 శాతం మందికి హ్రస్వదృష్టి (దూరంగా ఉన్నవి మసకగా కనబడటం) వస్తే, మామూలుగా చదువుకున్న పిల్లల్లో దాదాపు 40 శాతం మందికి వచ్చింది. 2015లో వచ్చిన ఫలితాలివి. పిల్లల్ని బయటికి పంపమని అందరూ చెబుతున్నారు. పంపితే నడవడానికి తగిన చోటు కూడా ఉండాలి కదా.

పాములు, పురుగులు, తప్పిపోతారేమోనన్న భయం నాకూ ఉంది. అందుకే మా పిల్లలకు నిండు ప్యాంటు, పాదం మూసే బూట్లు వేస్తాను. మెడలో విజిల్ వేసి, దారి తప్పితే ఒక చెట్టు దగ్గరే ఉండిపోయి మూడేసి సార్లు ఊదమని నేర్పాను. ఇంటికి రాగానే చెవుల వెనక, మోకాళ్ల వెనక పిడుదులు పట్టాయేమో చూస్తాను. ఇవన్నీ ఇంట్లో పెద్దవాళ్లు చూసుకోగలిగినవే.

అటవీ శాఖను అడిగేది వేరే ఉంది. గేటు దగ్గర మొదలై మళ్లీ గేటుకే చేరే కిలోమీటరు బాట ఒకటి వేయండి. ఎంత దూరం వచ్చామో తెలిసేలా వంద మీటర్లకో గుర్తు పెట్టండి. పిల్లలతో వచ్చేవాళ్లను వేరే జట్టుగా, తొందరపెట్టని గైడ్‌తో పంపండి. ఉన్న దారిలో కొంత భాగాన్ని కలుపుకుంటే కొత్తగా నరకాల్సిన చెట్టు కూడా ఉండకపోవచ్చు.

బడులవాళ్లకూ ఒక విన్నపం. నలభై మందిని ఇద్దరు టీచర్లతో వరసలో నడిపించి, రాగానే వ్యాసం రాయమనకండి. పదిమంది చొప్పున తీసుకెళ్లి, ఎవరైనా ఆగితే అందరూ ఆగండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు