పంపించేసిన పసిపిల్లల లెక్క ఎవరి దగ్గరుంది?

సంపాదకుల వారికి నమస్కారం.

పసిపిల్లల వార్డుల్లో పడకలు, పిల్లలను వెచ్చగా ఉంచే వార్మర్లు పెరిగాయని పోయిన వారం మీ జిల్లా పేజీలో చదివాను. పెరిగితే సంతోషమే, కానీ అంతమాత్రాన వైద్యం బాగుందని ఎట్లా రాస్తారు? నాలుగు రోజులుగా మనసు ఊరుకోక ఇది రాస్తున్నా.

మాది దేవరకొండ దగ్గర పల్లె. నిరుడు మా చిన్నబిడ్డకు ఎనిమిదో నెలలోనే కాన్పయింది, పిల్ల 1,400 గ్రాములు. ఆస్పత్రి పేరు రాయను. అంతమంది పిల్లలకు రాత్రంతా ఒక్క సిస్టరే, ఆమెను అనడానికి నోరు రాదు. తెల్లవారుజామున హైదరాబాద్ తీసుకుపొమ్మని చీటీ చేతిలో పెట్టారు. దాని మీద బరువు తప్ప ఏమీ లేదు, ఒళ్లు వేడి ఎంతుందో రాయలేదు, అక్కడ బెడ్ ఉందా అని ఫోన్ కూడా చేయలేదు. చింతపల్లి దాటేసరికి పిల్ల పాదాలు చల్లబడిపోతే నా భార్య రొమ్ముకు ఆనించుకొని కొంగు కప్పి, నిలోఫర్ పిల్లల ఆస్పత్రి దాకా అట్లాగే కూర్చుంది. దాన్నే కంగారూ పద్ధతి అంటారట, చీటీ రాసేవాళ్లు ముందే చెప్పాల్సిన మాట అది.

మా పిల్ల బతికింది. దారిలోనే పోయుంటే? ఇక్కడి రిజిస్టరులో 'రిఫర్' అని ఉంటుంది, చేర్చుకోలేదు కాబట్టి అక్కడి లెక్కలోకి రాదు.

క్షేమంగా ఇంటికి పంపామంటున్న పిల్లల సంగతీ అంతే. రెండు కిలోలకు తక్కువ పుట్టిన పిల్లలకు నెలలోపే కంటి తెర పరీక్ష చేయించాలి, ఆలస్యమైతే చూపే పోవచ్చు. మా పక్క ఊరి బాబు విషయంలో ఆ మాట చెప్పిన వాళ్లే లేరు. ఆరో నెలలో గిలక్కాయ చప్పుడుకు తల తిప్పుతున్నాడు గానీ గిలక్కాయను చూడట్లేదు.

మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండకు 2019లో మెడికల్ కాలేజీలు వచ్చాయి, తర్వాత నాగర్‌కర్నూల్, వనపర్తికీ వచ్చాయి. అయినా అర్ధరాత్రి మా పల్లెల వాళ్లకు హైదరాబాద్ బాటే గతి. పెద్దసార్లు తనిఖీకి వస్తే మిషన్లు లెక్కపెడతారు, దుప్పట్లు చూస్తారు, వార్డు బయట కింద కూర్చున్న తల్లిని ఒక్క మాట అడగరు.

ఈసారి రాసేటప్పుడు ఎంతమందిని పంపారు, ఎంతమంది చేరారు, ఏడాది తర్వాత ఎంతమంది బతికి ఉన్నారు, ఎంతమందికి కళ్లు చూశారు అని అడిగి రాయండి. ఆశా కార్యకర్తలు 42 రోజుల దాకా ఇంటింటికీ వచ్చి పిల్లను తూకం వేసి రాసుకుంటూనే ఉన్నారు, ముందు ఆ పుస్తకాలు తెరిపించండి.

— ఒక తాత, దేవరకొండ