ఏడాది డిప్లొమా గురించి బుజ్జికి

బుజ్జీ,

నిన్న ఫోన్లో "ఇది ఎంబీఏ కాదు కదమ్మా, ఏడాది డిప్లొమానే కదా" అన్నావు. అప్పుడే చెబుదామనుకున్నా గానీ నీకు క్లాసు టైమైపోయింది, అందుకే తీరిగ్గా రాస్తున్నా. నీ ఫ్రెండ్స్ రెండేళ్ళలో మార్కెటింగ్, హెచ్‌ఆర్, ఫైనాన్స్ అన్నీ తలా కొంచెం చదువుతారు. నీ పీజీడీబీఎఫ్‌లో (బ్యాంకింగ్, ఫైనాన్స్ పీజీ డిప్లొమాలో) ఆరు నెలలు క్లాసులు, రెండు నెలలు ఇంటర్న్‌షిప్, నాలుగు నెలలు బ్రాంచిలో శిక్షణ, అంతా కలిపి బ్యాంకింగ్ ఒక్కటే. రెండూ వేరు వేరు పనులకు చదివే చదువులు, పక్కపక్కన పెట్టి చూసుకుని దిగులు పడకు. ఏడాది చిన్నదే, కాదనను. అందుకే దేని మీద ఎక్కువసేపు కూర్చోవాలో ముందే అనుకోవాలి. అన్నేళ్ళు లోన్ల సెక్షన్‌లో పనిచేసిన దాన్ని కాబట్టి నన్నడిగితే క్రెడిట్ అప్రైజల్ అంటాను, అంటే ఎవరికి ఎంత లోను ఇవ్వొచ్చో లెక్కగట్టడం. కేవైసీ, రెమిటెన్సులు లాంటివి బ్రాంచిలో కూర్చుంటే నెలలో వచ్చేస్తాయి, ఇది మాత్రం ఎవరూ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పరు, బ్రాంచిలో అంత తీరిక ఎవరికీ ఉండదు.

బీటెక్ చదివిన దానివి, డెబిట్ క్రెడిట్ అంటే టెన్షన్ అన్నావు. నీ పాస్‌బుక్ బ్యాంకు వైపు నుంచి రాసిన లెక్క. నువ్వు వేసిన డబ్బు బ్యాంకు నీకు బాకీ, అందుకే దానికది లయబిలిటీ, క్రెడిట్‌లో పడుతుంది. జనానికిచ్చిన లోను బ్యాంకుకు రావాల్సింది, అది అసెట్. ఎవరి పుస్తకం చదువుతున్నావో ముందు నిన్ను నువ్వే ప్రశ్నించుకుంటే సగం గందరగోళం పోతుంది. నోట్సు బట్టీ పట్టకుండా, వారానికి ఒక నిజమైన కంపెనీ బ్యాలెన్స్ షీటు తీసుకుని నువ్వే కరెంట్ రేషియో వేసి చూడు, అంటే ఏడాదిలోపు డబ్బయ్యే ఆస్తుల్ని (కరెంట్ అసెట్స్) ఏడాదిలోపు తీర్చాల్సిన అప్పులతో భాగించడం. 1.33 ఉండాలని మీకు చెప్పే ఉంటారు, ఎందుకు 1.33 అని ఎవరైనా అడిగారా? కరెంట్ అసెట్స్‌లో పావు వంతుకు ఓనరు దీర్ఘకాలిక డబ్బు పెట్టాలని, బ్యాంకు అప్పుల మీద ఆర్‌బీఐ వేసిన టాండన్ కమిటీ చెప్పింది, మిగతా ముప్పావు వంతే ఆ అప్పులు, దాంతో వందని డెబ్బై ఐదుతో భాగిస్తే 1.33. అలా ప్రతి అంకె వెనక ఉన్న కారణం పట్టుకో.

ఇంకో ఉదాహరణ, మన వైపుదే. గుంటూరు దగ్గర చిన్న కారం మిల్లు ఉందనుకో, ఏడాది టర్నోవర్ 2 కోట్లు. చిన్న పరిశ్రమల అప్పుల మీద వేసిన నాయక్ కమిటీ లెక్కలో వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారానికి కావాల్సిన డబ్బు) అవసరం టర్నోవర్‌లో 25 శాతం, అంటే 50 లక్షలు, అందులో 10 లక్షలు ఓనరు తెచ్చుకుంటే బ్యాంకు 40 లక్షలు, అంటే టర్నోవర్‌లో 20 శాతం ఇస్తుంది. పరీక్షలో ఇది రాస్తే మార్కులు పడతాయి. కానీ మిర్చి యార్డుకి కొత్త కాయ సంక్రాంతి దాటాక రావడం మొదలవుతుంది, మే వచ్చేసరికి యార్డుకి వేసవి సెలవులిస్తారు, అంటే ఏడాదికి సరిపడా సరుకు ఆ నాలుగు నెలల్లోనే కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలి. మార్చిలో ఆయనకు 40 లక్షలు చాలవు, అక్టోబరులో అంత అక్కర్లేదు! ఆ 20 శాతం కనీసం ఇవ్వాల్సింది మాత్రమే, ఇలాంటి సీజన్ వ్యాపారాలకి నెలనెలా వచ్చేది పోయేది వేసి చూసే క్యాష్ బడ్జెట్ పద్ధతి వేరే ఉంది, అది శ్రద్ధగా నేర్చుకో. మార్చిలో తక్కువిస్తే ఆయన వడ్డీ వ్యాపారి దగ్గరికి పోతాడు, అక్కర్లేని నెలలో ఎక్కువిస్తే ఆ డబ్బు స్థలం కొనడానికి పోతుంది, రెండు రకాలుగానూ లోను పాడవుతుంది. ఇంటర్న్‌షిప్‌లో ఇన్‌స్పెక్షన్‌కి ఎవరైనా వెళ్తుంటే నేనూ వస్తానని అడుగు, సిగ్గుపడకు. స్టాక్ స్టేట్‌మెంట్‌లో రాసిన బస్తాలు కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయా, అదే సరుకుకి కోల్డ్ స్టోరేజీ ఇచ్చిన బాండు (రసీదు) ఇంకో బ్యాంకులో తాకట్టు ఉందా, సప్లయర్లకి ఇంకా కట్టని సొమ్ము తీసేశాకే డ్రాయింగ్ పవర్ (సరుకుని బట్టి ఆయన ఎంత తీసుకోవచ్చనే లెక్క) వేశారా, ఇవన్నీ కళ్ళతో చూడాలి.

ఎన్‌పీఏ (కట్టాల్సింది కట్టక మొండి బాకీగా లెక్కేసే లోను) గురించి కూడా అంతే. 90 రోజులు అని అందరూ చెప్తారు, పంట రుణానికి మాత్రం రెండు పంట సీజన్లు, ఏడాది దాటి చేతికొచ్చే పంటైతే ఒక సీజన్. రైతుకి డబ్బొచ్చేది పంట అమ్మినప్పుడే కాబట్టి ఆ రూలు. మామూలు లోను బాకీ 30 రోజులు దాటి ఎస్‌ఎంఏ-1లో (ఎన్‌పీఏకి ముందు హెచ్చరిక జాబితాలో) పడిన రోజే ఫోన్ చేసి మాట్లాడే ఆఫీసరువి అవ్వు. 89వ రోజు పరుగెత్తడంలో ఏమీ లేదు.

ఒక్క విషయం గట్టిగా చెప్తున్నా. బ్రాంచికొచ్చాక ఇన్సూరెన్స్ టార్గెట్లు నీ మీద పడతాయి. ఎఫ్‌డీ రెన్యువల్‌కి వచ్చిన పెద్దాయనతో, ఏటా ప్రీమియం కట్టాల్సిన పాలసీ మీద సంతకం పెట్టించకు. ఎవరు ఎంత ఒత్తిడి చేసినా సరే. ఆ ముసలాయన అవసరానికి డబ్బు తీసుకోలేక కౌంటర్ దగ్గర నిలబడితే జవాబు చెప్పాల్సింది నువ్వే, టార్గెట్ పెట్టినవాడు అప్పటికి ట్రాన్స్‌ఫర్ అయిపోయి ఉంటాడు.

ఫీజు లోను గురించి నాన్న టెన్షన్ పడుతున్నారు గానీ నువ్వు పడకు, జీతంలోంచి కట్టేస్తావు. శాంక్షన్ లెటరూ, సర్వీస్ బాండూ మాత్రం పూర్తిగా చదివి స్కాన్ చేసి నాకు పంపు. ఆ లోను వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు 8 ఏళ్ళు ఉంటుంది, కానీ పాత పన్ను విధానంలోనే, ఏది ఎంచుకోవాలో జీతం మొదలయ్యాక లెక్క వేసి చూద్దాం.

ఆదివారం ఫోన్ చేసేటప్పుడు నువ్వు చెప్పిన ఆ రైస్ మిల్లు కేస్ స్టడీ షీటు పక్కన పెట్టుకో, డీఎస్‌సీఆర్ (వచ్చే డబ్బు అప్పు వాయిదాలకి ఎన్ని రెట్లో చెప్పే నిష్పత్తి) నీకెందుకు 0.9 వస్తోందో చూద్దాం, తరుగుదల (డిప్రిసియేషన్) లాభానికి తిరిగి కలపలేదేమోనని నా అనుమానం.

ప్రేమతో,
అమ్మ