అరచంద్రుడితో సూర్యుడి దూరం

మిత్రులందరికీ నమస్కారం. టెలిస్కోపు లేని రోజుల్లో గ్రీకులు సూర్యుడి దూరం ఎలా లెక్కగట్టారని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. నాకు ఇష్టమైన విషయం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో, సామోస్ ద్వీపానికి చెందిన అరిస్టార్కస్‌కు తట్టిన ఉపాయం ఇది. చంద్రుడు సరిగ్గా సగం వెలిగినప్పుడు భూమి, చంద్రుడు, సూర్యుడు కలిసి ఒక త్రిభుజం. అందులో చంద్రుడి దగ్గర కోణం 90 డిగ్రీలు. ఇక మన దగ్గరి కోణం తెలిస్తే చాలు, దూరాల నిష్పత్తి వచ్చేస్తుంది. ఆయన దాన్ని 87 డిగ్రీలుగా తీసుకున్నాడు. సూర్యుడు చంద్రుడికంటే 18 నుంచి 20 రెట్లు దూరంలో ఉన్నాడని తేల్చాడు.

అసలు నిష్పత్తి దాదాపు 390. లెక్కలో తప్పు లేదు, కోణంలోనే ఉంది. అసలు కోణం 89 డిగ్రీలు దాటి, 90కి వెంట్రుకవాసి తక్కువ. పైగా చంద్రుడు ‘సరిగ్గా సగం’ అయిన క్షణాన్ని కంటితో పట్టడం ఎవరితరం?

అయినా ఆ నిష్పత్తికి చంద్రగ్రహణంలో కనిపించే భూమి నీడ పరిమాణాన్ని జోడిస్తే, సూర్యుడు భూమికంటే చాలా పెద్దవాడని తేలింది. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందని కూడా ఆయన అన్నాడు. ఆ సంగతి మనకు ఆర్కిమెడిస్ రాతల వల్ల తెలిసింది.

వచ్చే శుక్ల అష్టమి సాయంత్రం, సూర్యాస్తమయానికి ముందు చంద్రుణ్ణి చూడండి. ఒక చేయి చంద్రుడి వైపు, మరో చేయి సూర్యుడి వైపు చాపితే మధ్యలో ఇంచుమించు లంబకోణం కనిపిస్తుంది. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడకండి. ఫొటోలు ఇక్కడే పెట్టండి.