నడక చెరువు కట్ట మీద, చెరువులో కాదు

తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

చంద్రగిరి వైపు చెరువు కింద మాకు ఎకరా మడి ఉంది. ఇప్పుడు దానికి రెండు పక్కలా లేఅవుట్లే. ప్లాట్ల రాళ్లకు పసుపు రంగు కొట్టి, మా మడికి నీళ్లొచ్చే కాలువలో ఎవరో గ్రావెల్ తోలి రోడ్డు చేసేశారు. వాన పడితే ఆ నీళ్లు పోయే దారిలేక కొత్త ఇళ్ల ముందు నిలబడతాయి, మా నారుమడి మాత్రం ఎండుతుంది. ఇదేం లెక్కో!

2021 నవంబరు మీకు తెలియంది కాదు. స్వర్ణముఖి నది పొంగింది. రాయలచెరువు కట్టకు లీకేజీ అని చుట్టుపక్కల ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ టెన్షన్ ఇంకా పోలేదు.

పార్కులు వద్దనడం లేదు సార్, మా మనవరాలూ ఆడుకోవాలి. కానీ పార్కంటే చెరువులోపల మట్టి పోసి సిమెంటు బెంచీలు వేయడం కాదు. కట్ట మీద వాకింగ్ ట్రాక్ వేయండి, కానుగ, నేరేడు నాటండి. లోపల నీళ్లుంటే కొంగలు వాటంతటవే వస్తాయి. కింద వరి పండుతుంది, టౌనోళ్ల బోర్లలోనూ నీళ్లు నిలుస్తాయి.

శేషాచలం కొండల్ని 2010లో బయోస్పియర్ రిజర్వుగా, అంటే అడవినీ జీవాల్నీ కాపాడే ప్రాంతంగా, ప్రకటించారు, సంతోషం. మరి కొండ దిగిన నీళ్లు చేరే చెరువుల సంగతేంటి? మాస్టర్ ప్లాన్‌లో ప్రతి చెరువునూ దాని కాలువ, మరవ (ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారి)తో సహా సర్వే చేయించి హద్దులు చూపించండి. ఆయకట్టు మడిని ప్లాటుగా మార్చేముందు కింది రైతును ఒక్కమాట అడగండి.

ముందు మా కాలువలో గ్రావెల్ తీయించండి. నాట్లకు ఇంకా టైముంది.

ఇట్లు,
చెరువు కింద రైతు